టూరులో ఒక గంట ఖాళీ ఉంచండి

డిసెంబరు వచ్చిందంటే డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల నోటీసు బోర్డుల మీద టూరు కాగితం వేలాడుతుంది. ఏ కళాశాలదైనా దాని తీరు ఇంచుమించు ఒక్కటే. రాత్రి భోజనాలయ్యాక బస్సు బయల్దేరుతుంది, తెల్లారేసరికి ఏదో లాడ్జీ ముందు ఆగుతుంది. గంటలో స్నానాలు, టిఫిన్లు. ఆపైన గుడి, జలపాతం, మ్యూజియం, వ్యూ పాయింట్, షాపింగ్, క్యాంప్ ఫైర్, మళ్లీ బస్సు. దారి పొడవునా స్పీకర్లో పాటలు. మూడు రోజుల్లో పదిహేను చోట్లు చూపిస్తాననే ఆపరేటరుకే బేరం కుదురుతుంది, పది చాలనేవాడిని ఎవరూ పిలవరు. ఆ కాగితంలో నిద్రకే చోటు తక్కువ, ఊరికే కూర్చోవడానికి అసలే లేదు. నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. విద్యార్థి యాత్రలో అన్నిటికన్నా విలువైనది ఆ కాగితంలో రాయని ఖాళీ సమయమే. అది దానంతటది దొరికే రోజులు పోయాయి కాబట్టి ఇకమీదట దాన్నీ షెడ్యూల్లో రాసి పెట్టాలి.

ఇంట్లో, హాస్టల్లో దొరకని తీరిక బస్సెక్కితే దొరుకుతుందా అని అడగవచ్చు. దొరుకుతుంది, దానికి కారణముంది. మన దగ్గర పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీయా బైపీసీయా తేలిపోతుంది. తేల్చేది ఎక్కువగా ఇంట్లో పెద్దలు, పక్కవీధి ఇంజనీరు, ఇంటికొచ్చి వెళ్లే కాలేజీ పీఆర్వో. తర్వాత రెండేళ్లు రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తెల్లవారుజాము నుంచి రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్లు. అక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అయితే అది వార్డెన్ పహరాలో ఉన్న నిశ్శబ్దం. చెవికి చప్పుడు లేకపోయినా బుర్రలో వారాంతపు పరీక్ష మోగుతూనే ఉంటుంది. ఆపైన ఈఏపీసెట్, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లకు నాలుగు రోజుల గడువు, బ్యాక్‌లాగులు, ప్లేస్‌మెంట్లు. పదిహేనో ఏట నుంచి ఇరవై రెండో ఏడు దాకా 'నాకేం కావాలి' అని తనను తాను అడుక్కునే సందు ఎవరూ ఇవ్వరు. ఊరు దాటితే ఈ పట్టు కాస్త సడలుతుంది. మార్కులు అడిగే బంధువులు అక్కడ లేరు, రేపు టెస్టు లేదు, హాజరు పిలిచే గంట లేదు. రోజూ మోసే పాత్రను పక్కన పెట్టి మనిషి తనను కొంచెం ఎడంగా నిలబడి చూసుకోగలిగే అరుదైన రోజులవి. వాటిని కూడా గంటల లెక్కన నింపేస్తున్నామన్నదే ఫిర్యాదు.

ప్రయాణంలో ఖాళీ విద్యార్థికి ఏం చేయగలదో చెప్పడానికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1930 జులై 31న బొంబాయి రేవులో 'పిల్స్‌నా' అనే ఓడ ఎక్కినప్పుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 19 ఏళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జికి పోతున్నాడు. మొదటి రోజులు సముద్రం అల్లకల్లోలం. అది శాంతించాక ఆ కుర్రాడికి చేయడానికి పనేమీ లేదు. తెల్ల మరుగుజ్జు నక్షత్రాల మీద శాస్త్రవేత్త ఫౌలర్ రాసిన సిద్ధాంతాన్ని మనసులో అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. అంత దట్టమైన నక్షత్రం నడిబొడ్డున ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తాలి గదా, అలాంటప్పుడు ఐన్‌స్టీన్ సాపేక్షతను లెక్కలోకి తీసుకోకపోతే ఎలా అని తట్టింది. లెక్క వేసి చూస్తే, ఒక హద్దు దాటిన ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం తెల్ల మరుగుజ్జుగా నిలవలేదని తేలింది. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లున్న ఆ హద్దునే ఇవాళ చంద్రశేఖర్ అవధి అంటున్నాం. ఆగస్టు 19న లండన్‌లో దిగేనాటికి ఆయన దగ్గర ఆ లెక్క ఉంది. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఓడ ప్రయాణానికి తొమ్మిదేళ్ల ముందు, 1921లో, ఆయన బాబాయి సి.వి. రామన్ ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రపు నీలిరంగును చూసి, అది ఆకాశపు ప్రతిబింబమేనా అన్న సందేహంతో తన పరిశోధనకు దారి వేసుకున్నాడు.

ఓడెక్కిన వాళ్లందరూ చంద్రశేఖర్లు కాలేదు గదా అంటే నిజమే. 1928లో భౌతిక శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చినప్పుడు హోటల్ గదికి వెళ్లి కలిసి, ఇంకా అచ్చుకు పోని ఆయన వ్యాసం ప్రూఫులు తెచ్చుకుని చదివిన కుర్రాడు చంద్రశేఖర్. ఓడ ఎక్కేనాటికే తలలో రెండేళ్ల చదువు పోగుపడి ఉంది. ఖాళీ సమయం శూన్యంలోంచి ఏదీ పుట్టించదు. అప్పటికే మనసులో ఉన్న సరుకు ఒకదానితో ఒకటి కలుసుకోవడానికి వీలు కల్పిస్తుందంతే. అది ఖగోళ గణితమే కానక్కర్లేదు. ఈ కోర్సు నాకు సరిపడుతుందా, నాన్నతో మాట్లాడక ఎన్నాళ్లయింది, ఉద్యోగమా పైచదువా అన్న ప్రశ్నలు కూడా అలా తేలడానికి తావు అడుగుతాయి. ఇవాళ పైచదువుకు పోయే తెలుగు విద్యార్థి శంషాబాద్‌లో విమానమెక్కి, దుబాయిలోనో దోహాలోనో మారి, ఒకటిన్నర రోజులో డాలస్‌లో దిగుతాడు. ఆ కాస్త సేపూ ముందు సీటు వెనక తెర మీద సినిమాలు. దిగీ దిగగానే రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపు. ఇల్లు వదిలినవాడు ఇల్లు వదిలానని గ్రహించేలోపే కొత్త అద్దె ఇంట్లో పప్పు వండుతుంటాడు. పందొమ్మిది రోజుల ఆ ప్రయాణం మళ్లీ రాదు, రావాలని కోరుకోనక్కర్లేదు కూడా. దూరం ఇచ్చిన ఖాళీని వేగం తీసేసుకుంది గనుక, దాన్ని ఇప్పుడు మనం కావాలని కల్పించుకోవాలి.

కావాలని కల్పించుకోవడం అనేది మన నేలకు కొత్త సంగతి కాదు. బౌద్ధ భిక్షువులు ఏడాదంతా తిరిగేవారు, వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగి తీరాలన్నది వారికి నియమం. సన్యాసుల చాతుర్మాస్యం కూడా అలాంటిదే. తిరగడం ఎంత ధర్మమో ఆగడమూ అంతే ధర్మం. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ ఎక్కితే, ఆ ఆగినవాళ్లు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. కింద సముద్రం. పేరుకు కారణమైన రాతి తొట్లలో వాననీళ్లు పట్టుకుని తాగుతూ అక్కడ గడిపారు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్‌ను మనం యాత్రికుడిగానే చెప్పుకుంటాం గానీ, తనను అడిగితే విద్యార్థినని చెప్పి ఉండేవాడు. ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చినప్పుడు స్తూపం చూసి, దండం పెట్టి, మర్నాడు బయల్దేరలేదు. కొన్ని నెలలు అక్కడే ఉండి స్థానిక భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. ఈ రోజుల్లో అమరావతికి వచ్చే విద్యార్థి బస్సు మ్యూజియం, ధ్యాన బుద్ధుడు, అమరేశ్వరాలయం, ఫొటోలు అన్నీ కలిపి ఒక పూటలో ముగించుకుని మంగళగిరికి పరుగెడుతుంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. నలభై మంది కుర్రకారు కలిసి పోయే టూరులో ఏకాంతం ఎక్కడిది, అది కావాలంటే ఒంటరిగా పోవాలి గదా అని. ఒంటరి ప్రయాణాల మోజు కూడా ఇప్పుడు బాగానే పెరిగింది. అయితే ఏకాంతానికి ఒంటరితనం తప్పనిసరి షరతేమీ కాదని ఏనుగుల వీరాస్వామి నిరూపించాడు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆ పెద్దమనిషి వెంట పెద్ద పరివారమే నడిచింది. బోయీలు, వంటవాళ్లు, సామాన్లు, గుడారాలు. రోజూ మజిలీ, రోజూ వసతి వెతుకులాట. ఆ సందడి మధ్యలోనే ఆయన దారిలో చూసినదీ తనకు తోచినదీ రాసుకుంటూ పోయాడు. అదే 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర', తెలుగులో యాత్రా రచనకు ఆది గ్రంథం. చుట్టూ జనం ఉండటం అడ్డు కాలేదు, కాగితం ముందు కూర్చునే పూట రోజూ దొరికింది గనుక. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడిలో 'అస్తాచల్' అనే ఆనవాయితీ ఉంది. సాయంత్రం పిల్లలంతా ఒకచోట చేరి, పొద్దు గుంకేదాకా మాటల్లేకుండా కూర్చుంటారు. పక్కన స్నేహితుడు ఉంటాడు, అయినా ఎవరి లోకం వారిది. గుంపుగా ఉండి కూడా మౌనంగా ఉండవచ్చని బడిపిల్లలే చూపిస్తుంటే, ఇరవయ్యేళ్ల వాళ్ల వల్ల కాదనడం వాళ్లను తక్కువ చేయడమే.

అలాగని మౌనం సులువని చెప్పడం లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం చేసిన ప్రయోగాలు 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఫోను, పుస్తకం ఏమీ లేకుండా ఖాళీ గదిలో ఆరు నుంచి పదిహేను నిమిషాలు తమ ఆలోచనలతో కూర్చోమన్నారు. చాలామందికి అది నచ్చలేదు. ఒక ప్రయోగంలో అందుబాటులో చిన్న కరెంటు షాకిచ్చే మీట పెట్టారు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు, ఊసుపోక దాన్ని నొక్కుకున్నారు. దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా చూపించవచ్చు. మనుషులకే ఇష్టం లేనిదాన్ని పిల్లల నెత్తిన ఎందుకు రుద్దడమని. నాకు మాత్రం దీనిలో రెండు సంగతులు కనిపిస్తాయి. ఊరికే కూర్చోవడం అలవాటుతో వచ్చే విద్య, ఈత లాంటిది. నేర్పకుండా నీళ్లలోకి తోస్తే ఎవరైనా గట్టు పట్టుకుంటారు. రెండోది, అది నాలుగు గోడల ఖాళీ గది. కంటికి ఆనడానికి ఒక కొండో ఏరో ఉన్నచోట మనసు అంత కంగారు పడదు. అందుకే దీన్ని తరగతి గదిలో కాకుండా యాత్రలో మొదలుపెట్టమంటున్నాను.

ఈ అలవాటు ఎంత పోయిందో చూడాలంటే విశాఖ నుంచి అరకు పోయే పొద్దుటి రైలు చాలు. శృంగవరపుకోట దాటాక బండి అనంతగిరి కొండల్లోకి ఎక్కుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్య మధ్య సొరంగాలు. సొరంగం రాగానే బోగీ అంతా ఒక్కసారి కేకలు, ఈలలు. వెలుగు రాగానే కిటికీల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి. అక్కడక్కడా సిగ్నల్ పోతుంది. ఆ కొద్ది నిమిషాలే తలలు పైకి లేచి లోయ వైపు చూస్తాయి, సిగ్నల్ రాగానే మళ్లీ దిగుతాయి. ఫొటోలే కదా జ్ఞాపకాలు అంటారు పిల్లలు. లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులను మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమనీ కొన్నిటిని ఫొటో తీయమనీ చెప్పింది. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవాటికన్నా ఊరికే చూసినవే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. అయితే వస్తువులో ఒక భాగాన్ని దగ్గరకు లాగి తీసినప్పుడు ఆ నష్టం లేదు. అంటే తప్పు కెమెరాది కాదు, చూడటాన్ని కెమెరాకు అప్పగించేయడానిది. పది ఫొటోలు తీసుకోనివ్వండి, ఎవరూ కాదనరు. ఆ తర్వాత ఫోన్లు సంచుల్లోకి పోతే మేలు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రత. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, ఎగువనున్న లార్జి డ్యాం నుంచి ఉన్నట్టుండి వదిలిన నీళ్లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ సంఘటన తర్వాత పిల్లల్ని టూరుకు పంపాలంటేనే తల్లిదండ్రుల గుండె దడదడలాడింది. అందులో తప్పేమీ లేదు. ఆడపిల్లల తల్లిదండ్రుల భయం ఇంకో మెట్టు ఎక్కువ. వాళ్లను ఒక్క నిమిషం కూడా వదలకుండా ఏదో ఒక పనిలో పెట్టడమే క్షేమమని కళాశాలలు అనుకోవడం అక్కడి నుంచే వచ్చింది. కానీ కిక్కిరిసిన షెడ్యూలు క్షేమానికి పూచీ ఎలా అవుతుంది? రాత్రంతా నడిపిన డ్రైవరు, నిద్ర చాలని పిల్లలు, చీకటి పడేలోపు ఇంకో జలపాతం చూడాలన్న తొందర, ప్రమాదాలు పుట్టేది ఈ హడావుడిలోనే ఎక్కువ. తెలిసిన చోట, అధ్యాపకుల కళ్లెదుట, నీటికీ లోయ అంచుకూ దూరంగా నలభై మంది గంటసేపు కూర్చోవడం మొత్తం టూరులోకెల్లా భద్రమైన గంట అవుతుంది. మౌనం అంటే పర్యవేక్షణ లేకపోవడమని ఎవరన్నారు?

ఇంకో అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. చదువుల ఒత్తిడిలో నలిగిపోయిన పిల్లల్లో కొందరికి మౌనం ఊరట ఇవ్వకపోగా, అణచిపెట్టుకున్న దిగులును పైకి తేవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాల వేళ వచ్చే వార్తలు చదివేవారెవరూ ఈ మాట కొట్టిపారేయలేరు. కాబట్టి ఈ గంటను హాజరు వేసే తప్పనిసరి తంతుగా మార్చకూడదు. కూర్చోలేనివాళ్లు నడవవచ్చు, బొమ్మ వేసుకోవచ్చు, ఒక స్నేహితుడితో మెల్లగా మాట్లాడుకోవచ్చు. అందుబాటులో మనసెరిగిన అధ్యాపకుడో అధ్యాపకురాలో ఉండాలి. దిగులు పైకి రావడమే ప్రమాదం అనుకోవడం కూడా పొరపాటు. డీజే మోతలో అది కరగదు, హాస్టల్ గదికి తిరిగొచ్చాక అర్ధరాత్రి ఒంటరిగా పైకొస్తుంది. నలుగురి మధ్య, పగటి వెలుతురులో, అడిగేవాళ్లున్నచోట పైకి రావడమే మేలు. ఇక కుర్రతనానికి సందడి కావాలంటారా, కావాలి. రెండేళ్లు నోరు కట్టేసిన పిల్లలు బస్సులో గొంతెత్తి పాడుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఇరవై నాలుగు గంటల్లో ఒక గంట తప్ప మిగతాదంతా వాళ్లదే. ఖర్చు సంగతంటారా, ఒక చోటు తగ్గిస్తే డీజిలే మిగులుతుంది.

ఒక చోటు తగ్గిస్తే ఏం దక్కుతుందో చూడటానికి నాగార్జునకొండనే తీసుకుందాం. సాగర్‌లో లాంచీ ఎక్కితే కొండ చేరడానికి పట్టే సమయమంతా చుట్టూ నీళ్లే. ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. జలాశయం నిండేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను రాయి రాయి కొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ చేర్చారు. మిగిలిన లోయ మునిగింది. ఎండిన పొలాలకు నీళ్లొచ్చాయి. సివిల్ ఇంజనీరింగ్ చదివే కుర్రాడికి ఇంతకన్నా పెద్ద పాఠం ఏ క్లాసులో దొరుకుతుంది? తాను కట్టబోయేదేమిటి, దానికింద ఏం మునుగుతుంది, ఆ లెక్క ఎవరు వేస్తారు, ఇవన్నీ అక్కడ వాడి ముందుకొచ్చి నిలబడతాయి. కానీ తిరుగు లాంచీ టైమవుతోందని గైడు తొందరపెడతాడు. మ్యూజియంలో పల్నాటి సున్నపురాయి శిల్పాల ముందు నుంచి వరసగా నడిపించి, బయట గ్రూపు ఫొటో తీసి, అదే నడకలో రేవుకు తెస్తారు. ఆ రోజు ఎత్తిపోతల జలపాతం మానేస్తే కొండ మీద చెట్ల కింద ఒక గంట మిగిలేది. తిరిగొచ్చాక నాలుగు పేజీల రిపోర్టు రాయమనడం మరీ అన్యాయం. మార్కులున్నాయని తెలిస్తే పిల్లవాడు ఆ గంటలో కూడా రిపోర్టు గురించే ఆలోచిస్తాడు.

2020 జాతీయ విద్యా విధానం దేశంలో వంద పర్యాటక స్థలాలను గుర్తించి, వాటి చరిత్ర, సంప్రదాయాలు చదువుకోవడానికి విద్యార్థులను పంపాలంటోంది. విద్యార్థుల భద్రతపై 2015లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాలు విహారయాత్రలనూ ప్రస్తావించాయి. చూపించాల్సిన చోట్ల గురించి ఒక కాగితం, జాగ్రత్తల గురించి ఇంకో కాగితం ఉన్నాయి. చూసినదాన్ని మనసులోకి దించుకునే వ్యవధి గురించి మాత్రం ఎక్కడా రాయలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్లు వచ్చే విద్యా సంవత్సరం లోపు తమ కళాశాలలకు ఒక చిన్న ఉత్తర్వు పంపాలి: టూరులో రోజుకో గంట ఏ కార్యక్రమమూ లేకుండా ఉంచాలి, ఆ గంట ఫోన్లు పక్కన పెట్టాలా వద్దా అన్నది విద్యార్థులే ముందుగా ఓటు వేసి తేల్చుకోవాలి, దానికి మార్కులు ఉండకూడదు, వెంట వెళ్లిన అధ్యాపకులు కూడా ఆ గంట వాళ్లతో పాటే కూర్చోవాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు.